ఎస్టిమేట్ వేయకముందే ఊరిని అడగండి: రోడ్డు భద్రత కోసం జనాన్ని కూర్చోబెట్టే పద్ధతి

మా ఊళ్లో బడి ముందు మొదటి స్పీడ్ బ్రేకర్ వేసింది మేమే. నాలుగో తరగతి పిల్లాడు టమోటా లోడు ఆటో కింద పడబోయి వెంట్రుకవాసిలో బతికాడు. సాయంత్రం నుంచి ఊరంతా అదే మాట. రాత్రి పదింటికి ఐదారుగురం మగవాళ్లం కట్ట మీద కూర్చుని మాకు మేమే తేల్చేసుకుని, ట్రాక్టరుతో గరుసు, కంకర తోలించి రోడ్డుకు అడ్డంగా పోసి దిమ్మెసతో కొట్టాం. రంగు లేదు, బోర్డు లేదు, దగ్గర్లో వీధిలైటు కూడా లేదు. మూడో రాత్రి బైకు మీద వస్తున్న మొగుడూ పెళ్లాలకు అది కనపడలేదు. వెనక కూర్చున్న అక్క ఎగిరి పడింది. తలకు దెబ్బ. ప్రాణం దక్కింది గానీ ఆరు నెలలు మంచం దిగలేదు. తెల్లారి పారలు పట్టుకుని పోయి మేం వేసిన దాన్ని మేమే తవ్వేశాం.

ఆ తర్వాత రెండేళ్లలో అదే రోడ్డు గురించి ఊరినంతా కూర్చోబెట్టి, లెక్కలు తీసి, అర్జీ పెట్టి కొన్ని పనులు చేయించుకోగలిగాం. మాది పత్తికొండ వైపు ఒక మండల కేంద్రం. ఆ అనుభవంతో రాస్తున్నాను. ఆదోని వైపైనా, అనంతపురం వైపైనా, మైదుకూరు వైపైనా పెద్ద రోడ్డు ఊరి మధ్యలోంచి పోయే చిన్న టౌన్లన్నిటికీ ఇదే కష్టం.

2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో నూటికి 44 మందికి పైగా టూవీలర్ల మీద ఉన్నవాళ్లు, దగ్గర దగ్గర 20 మంది నడిచి పోతున్నవాళ్లు. 2025 అక్టోబరులో చిన్నటేకూరు దగ్గర హైవే మీద బస్సు తగలబడితే దేశమంతా కర్నూలు వైపు చూసింది. మన ఊరి రోడ్డు మీద మాత్రం ఏడాదికి ఒకరో ఇద్దరో పోతారు, జిల్లా పేజీలో నాలుగు లైన్లు వస్తాయి, అంతే. ప్రభుత్వం దృష్టిలో బ్లాక్ స్పాట్ అనిపించుకోవాలంటే ఒక 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో ప్రాణం పోయినవో, గట్టి దెబ్బలు తగిలినవో ఐదు ప్రమాదాలు జరగాలి, లేదా పది మంది చనిపోవాలి. మన దగ్గర ఆ లెక్క పూర్తయ్యేదాకా కూర్చుంటామా? కూర్చోకూడదనుకుంటే మన లెక్క మనమే తీయాలి.

ముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి

ఈ పని చేయకుండా మీటింగు పెడితే రెండో మీటింగుకు ఎవరూ రారు. ఊళ్లోంచి పోయే రోడ్డు జాతీయ రహదారైతే నేషనల్ హైవే వాళ్లది, రాష్ట్ర రహదారి గానీ పెద్ద జిల్లా రోడ్డు గానీ అయితే ఆర్ అండ్ బీది, పల్లెల మధ్య రోడ్లు ఎక్కువగా పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ వాళ్లవి, ఊరి లోపలి సిమెంటు రోడ్లు పంచాయతీవి. ఒకే వీధిలో బస్టాండు దాకా ఒకరిది, ఆ తర్వాత ఇంకొకరిది కావచ్చు. గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్ ఉంటారు, వాళ్లను అడిగితే చాలావరకు తేలిపోతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఇంకో తిప్పలు వచ్చింది. పత్తికొండ నుంచి డోన్‌కు పోవాలంటే దారి మధ్యలోనే కర్నూలు జిల్లా అయిపోయి నంద్యాల జిల్లా వస్తుంది. అర్జీ ఏ కలెక్టరేట్‌కు పోవాలో ముందే చూసుకోండి. మేం ఒకసారి ఒక ఆఫీసులో ఇచ్చిన కాగితం మూడు నెలలు అక్కడే పడి ఉండి, చివరికి ఇది మా పరిధిలోది కాదని తిరిగొచ్చింది.

లెక్క స్టేషన్లో సగమే దొరుకుతుంది

పోలీసులు ప్రమాదాల వివరాలన్నీ ఇప్పుడు ఈడార్ అనే ఆన్‌లైన్ రికార్డులో ఎక్కిస్తున్నారు. ఎస్సై గారిని మర్యాదగా అడిగి, మూడేళ్లలో మీ ఊరి పరిధిలో ఎక్కడెక్కడ ఎన్ని జరిగాయో తెలుసుకోండి. పేర్లు వద్దు, చోటు, టైము, ఏ బండి అన్నది చాలు. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

కానీ కేసు అయినవే అక్కడ ఉంటాయి. బైకు జారి మోకాలు చీరుకుపోయినవాడు స్టేషన్‌కు పోడు, ఆర్ఎంపీ దగ్గరికి పోయి కట్టు కట్టించుకుని ఇంటికి పోతాడు. వంగిన హ్యాండిల్ మెకానిక్ దగ్గరికి పోతుంది. మా ఊళ్లో స్టేషన్ లెక్క ప్రకారం మూడేళ్లలో తొమ్మిది. ఆర్ఎంపీ డాక్టరును, ఇద్దరు మెకానిక్‌లను, పంక్చర్ అంగడి అన్నను కూర్చోబెట్టి గుర్తున్నవి చెప్పమంటే ఒక్క పూటలో నలభై దాటాయి. వాటిలో సగం ఒకే మలుపు దగ్గరివి. అక్కడ కంపచెట్లు రోడ్డు మీదికి వంగి ఉంటాయి, ఎదురుగా వచ్చే బండి మీదికొచ్చేదాకా కనపడదు. స్టేషన్ రికార్డులో ఆ మలుపు పేరే లేదు.

మీటింగు ఎక్కడ, ఎప్పుడు

మన వైపు ఊళ్ల సంగతి మీకు తెలుసు. ఒకరి ఇంటి ముందు పెడితే అది వాళ్ల వర్గం మీటింగు అయిపోతుంది, అవతలి వాళ్లు అటు వైపే రారు. గుడి ముందు పెడితే కొందరు దూరంగా నిలబడతారు. బడి ఆవరణ అన్నిటికంటే మంచిది. అయినా సరే ఎస్సీ కాలనీలో విడిగా ఒకటి పెట్టండి, ఎందుకంటే చాలా ఊళ్లలో కాలనీ రోడ్డుకు ఒక పక్క, బడి, రేషన్ అంగడి, ఆసుపత్రి ఇంకో పక్క ఉంటాయి. రోడ్డు ఎక్కువసార్లు దాటేది వాళ్లే. ఆడవాళ్లను మీటింగుకు రమ్మని పిలవడం కంటే మనమే పొదుపు సంఘం మీటింగుకు పోయి ఒక అరగంట అడిగి తీసుకోవడం మేలు.

కాలం కూడా చూసుకోవాలి. మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోయిన ఇళ్లకు తాళాలు పడి ఉన్నప్పుడు మీటింగు పెట్టి ఊరంతా ఒప్పుకుందని రాసుకుంటే అది అబద్ధం. ఉగాదికి అందరూ తిరిగొస్తారు, ఆ వారం పెట్టుకోండి. పీర్ల పండుగకూ ఊరు నిండుగా ఉంటుంది.

ఇక అసలు విషయం, అడిగే ప్రశ్న. మీకేం కావాలి అని అడగొద్దు. అలా అడిగితే పది మందిలో తొమ్మిది మంది స్పీడ్ బ్రేకర్ అంటారు, మేం చేసిన తప్పు మళ్లీ మొదలవుతుంది. ఈ వారంలో రోడ్డు మీద మీకు ఎక్కడ గుండె ఝల్లుమంది, రోజూ ఎక్కడ దాటుతారు, పిల్లల్ని ఎక్కడ చెయ్యి పట్టుకుని దాటిస్తారు అని అడగండి. మందు సంగతి తర్వాత, ముందు నొప్పి ఎక్కడో చెప్పనివ్వండి.

ముగ్గుపిండితో మ్యాపు

మాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఇదే. కాగితం మీద మ్యాపు గీస్తే చదువుకున్న నలుగురే చుట్టూ మూగుతారు. బడి మైదానంలో నీళ్లు చల్లి, ముగ్గుపిండితో రోడ్డు పొడవునా రెండు గీతలు గీశాం. ముగ్గు చేత్తో పట్టుకున్న ఆడవాళ్లు మాకంటే నీటుగా గీశారు, బస్టాండు, బడి, మసీదు, ఆంజనేయస్వామి గుడి, మార్కెట్ యార్డు, వంక మీద కల్వర్టు అన్నీ వాళ్లే పెట్టారు. తర్వాత ఒక్కొక్కరి చేతికి పది చింతపిక్కలు ఇచ్చి, రోజూ దాటే చోట, నిలబడే చోట పెట్టమన్నాం. ఎవరైనా పడ్డ చోట, దెబ్బ తగిలిన చోట చిటికెడు ఇటుకపొడి.

మొదట అందరూ బడి దగ్గరే పోస్తున్నారు. మేమూ అదే అనుకున్నాం కదా, లోపల సంతోషపడుతున్నాం. అప్పుడు టమోటా కోతలకు పోయే ఒక అవ్వ ముందుకొచ్చింది. "పిక్కలన్నీ బడికాడ పోస్తే ఎట్ల నాయనా? తెల్లారుజామున మేమంతా ఆటో కోసరం కల్వర్టు కాడ నిలబడతాం గదా. ఆడ చీకటి. లారీ వచ్చిందంటే వంకలోకి దూకల్ల" అని తన పది పిక్కలూ కల్వర్టు మీద పెట్టింది. వెనకాలే ఒకరి తర్వాత ఒకరు ఆడవాళ్లు వచ్చి పెట్టారు. చూస్తుండగానే అక్కడ కుప్ప అయింది. అంతకుముందు మేం రాసుకున్న అర్జీలో కల్వర్టు అన్న మాటే లేదు. ఆ ఐదారుగురం మగవాళ్లలో ఒక్కరం కూడా తెల్లారి నాలుగున్నరకు అటు పోయినవాళ్లం కాదు మరి.

మ్యాపు తొక్కకముందే బడి మేడ మీదికెక్కి ఫోటో తీసుకోండి. పిక్కలు లెక్కపెట్టి ఎక్కడ ఎన్నో రాసుకోండి.

నడిచి చూడండి, లెక్కపెట్టండి

మ్యాపులో కుప్పలు పడ్డ చోట్లకు అందరూ కలిసి నడిచి పోవాలి. పిల్లలు, ముసలివాళ్లు, కళ్లు సరిగా కనపడనివాళ్లు, ఆటో డ్రైవర్లు, లారీ నడిపేవాళ్లు ఎవరైనా ఊళ్లో ఉంటే వాళ్లూ ఉండాలి. డ్రైవర్ కంటికి కనపడేది మనకు తెలీదు. మా ఊరి లారీ డ్రైవర్ ఒకరు బడి బోర్డు వేపచెట్టు కొమ్మల వెనక ఉందని, క్యాబిన్లో ఎత్తున కూర్చున్నవాడికి అది అస్సలు కనపడదని చూపించాడు. రోజూ ఆ బోర్డు కింద నుంచే పోతున్నాం, మాకు తట్టలేదు. పగలు ఒకసారి, చీకట్లో ఒకసారి నడవండి. సంత రోజు, బడి విడిచే టైము తప్పకుండా ఉండాలి.

స్పీడు లెక్క తీయడానికి మెషిన్ అక్కర్లేదు. రోడ్డు పక్కన టేపుతో 50 మీటర్లు కొలిచి రెండు చివర్లా సున్నంతో గుర్తు పెట్టండి. బండి మొదటి గుర్తు దాటగానే అక్కడున్నవారు చెయ్యి ఎత్తుతారు, రెండో గుర్తు దగ్గరున్నవారు అది చూసి ఫోన్లో స్టాప్‌వాచ్ మొదలుపెట్టి, బండి తమ గుర్తు దాటగానే ఆపుతారు. బండి 50 మీటర్లు 6 సెకన్లలో దాటితే గంటకు 30 కిలోమీటర్లు, 4 సెకన్లయితే 45, 3 సెకన్లయితే 60. ఇద్దరూ రోడ్డుకు బాగా ఎడంగా నిలబడాలి, పిల్లల చేత ఈ పని చేయించొద్దు. 60 మీద వస్తున్న బండి, డ్రైవర్ చూసి బ్రేకు మీద కాలు పెట్టే ఆ ఒక్క సెకనులోనే 16 మీటర్లు దాటేస్తుంది, బ్రేకు పడేది ఆ తర్వాత. 30 మీద వస్తే 8 మీటర్లే. ఈ మాట మీటింగులో చెప్పినప్పుడు బడి గేటు నుంచి 16 మీటర్లు కొలిచి చూపించండి, ఎదురుగా టీ అంగడి దాకా వచ్చేస్తుంది. మా సర్పంచ్ గారు అప్పటిదాకా ఊరికే వింటున్నారు, అది చూశాక ఆయనే టేపు పట్టుకున్నారు.

ఏం అడగాలి

నొప్పి తెలిశాక మందు సులువు, చాలాసార్లు చవక కూడా. మలుపు దగ్గర కంపచెట్లు కొట్టించాలంటే పెద్ద ప్లాను అక్కర్లేదు, ఇంజనీర్ల భాషలో దాన్ని జంగిల్ క్లియరెన్స్ అంటారు, అర్జీలో అదే మాట రాయండి. కల్వర్టు దగ్గర రెండు లైట్లు, గోడలకు రేడియం స్టిక్కర్లు, కూలీలు నిలబడటానికి రోడ్డుకు ఎడంగా నాలుగు గజాల చదును. నల్లరేగడి చేలలోంచి వచ్చే ట్రాక్టర్లు చక్రాలకు అంటిన మట్టినంతా తారు మీద వదిలేస్తాయి, చినుకు పడితే బైకులు జారిపోతాయి. అక్కడ చేలోంచి రోడ్డెక్కే చోట కొంత మేర కంకర పరిపించాలి. తారు అంచు పక్కన మట్టి మార్జిన్ అడుగున్నర కిందికి దిగిపోయి ఉన్న చోట దాన్ని గరుసుతో నింపించాలి.

స్పీడ్ బ్రేకర్ నిజంగా కావాల్సిన చోట కొలత ప్రకారం అడగండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి హంప్ అంటే బండి పోయే దిక్కున 3.7 మీటర్ల పొడవు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు, దాని మీద తెలుపు రంగు, 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేవాడికి అది నడుం విరగ్గొట్టదు. మేం ఆ రాత్రి వేసింది జానెడు ఎత్తు, రెండడుగుల వెడల్పు. జాతీయ రహదారి మీద మామూలుగా స్పీడ్ బ్రేకర్లు వేయరు, అక్కడ వేరే దారి అడగాలి.

ఇంకొకటి మన చేతుల్లోదే. జొన్నలు, మొక్కజొన్నలు రోడ్డు మీద ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తాం. గింజలు ఎత్తుకుపోతాం, రాళ్లు అక్కడే వదిలేస్తాం. రాత్రి ఆ రాయి ఎక్కి బైకు తిరగబడుతుంది. రైతును తిట్టి లాభం లేదు, కళ్లం లేకనే కదా రోడ్డు మీదికి వస్తున్నాడు. మార్కెట్ యార్డు ప్లాట్‌ఫారాలు ఖాళీగా ఉన్న నెలల్లో వాడుకోనివ్వమని మేం అడిగాం, ఒప్పుకున్నారు. అందరూ రాలేదు, సగం మంది వచ్చారు. మిగతావాళ్ల దగ్గర సాయంత్రం రాళ్లు తీయించే బాధ్యత ఆ వీధి కుర్రాళ్లు తీసుకున్నారు.

అడ్డం వచ్చేవాళ్లతో ముందే మాట్లాడండి

రోడ్డు భద్రత అనగానే అంగడివాళ్లకు, తోపుడు బండ్లవాళ్లకు ముందుగా వినపడేది ఆక్రమణల తొలగింపు. ఆటోవాళ్లకు స్టాండు పోతుందని టెన్షన్. వాళ్లను నలుగురిలో ఎదురుగా పెట్టి అడిగితే పోట్లాటే. ఒక్కొక్క అంగడి ముందూ నిలబడి, నీ గిరాకీ ఎటు నుంచి ఎటు దాటి వస్తుంది అని అడగండి. ఆటోవాళ్లకు స్టాండు ఎక్కడికి జరిపితే బేరం పోకుండా ఉంటుందో వాళ్లనే చెప్పమనండి. మా ఊళ్లో ఆటోలు మలుపు నుంచి అరవై అడుగులు వెనక్కి జరిగాయి, ఆ చోటు చూపించింది వాళ్ల యూనియన్ పెద్దే. ఎవరి కడుపూ కొట్టకుండా చేయలేని పని ఉంటే దాన్ని అప్పటికి పక్కన పెట్టండి, మొదటి ఏడాదిలోనే ఊరు రెండుగా చీలితే ఏ పనీ జరగదు.

కాగితం పని

గ్రామసభలో పెట్టి తీర్మానం రాయించండి. పుస్తకంలో పంచాయతీ కార్యదర్శి రాసి, వచ్చినవాళ్లు సంతకాలు, వేలిముద్రలు వేయాలి. అర్జీ ఒక్క పేజీ మించొద్దు. ఒక రోడ్డు, మూడు పనులు. చోటు చెప్పేటప్పుడు ఫలానా వాళ్ల చేను దగ్గర అని రాస్తే ఆఫీసులో ఎవరికీ తెలీదు. కిలోమీటరు రాయి మీద అంకె, దాని నుంచి ఎన్ని మీటర్లు, ఎడమా కుడా అని రాయండి. ముగ్గు మ్యాపు ఫోటో, పిక్కల లెక్క, స్పీడు లెక్క జతచేయండి.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి, ఆ నంబరుతో 1100కు ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చిందో అడగొచ్చు. ఒక కాపీ రోడ్డు ఎవరిదో ఆ శాఖ డీఈకి, అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకు. అర్జీ పైన ఈ విషయం జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ముందు పెట్టాలని తప్పకుండా రాయండి. మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ ఆ కమిటీ ఉంటుంది, కలెక్టరే ఛైర్మన్, పోలీసు, రవాణా, రోడ్ల శాఖలు ఒకే బల్ల దగ్గర కూర్చునేది అక్కడే. లేకపోతే ఒకరు ఇంకొకరి మీద నెట్టుకుంటారు. చట్టంలో 198ఏ అనే సెక్షన్ 2019లో వచ్చింది, డిజైన్ ప్రమాణాలు పాటించక ప్రాణం పోతే కాంట్రాక్టరుకు, సంబంధిత అధికార సంస్థకు లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. దాన్ని బెదిరింపుగా వాడొద్దు, ఆ ఇంజనీర్‌తోనే మనం పదేళ్లు పని చేయించుకోవాలి. ఆయన్ని ఒకసారి ఊరికి పిలిచి ఆ అవ్వ పక్కన కల్వర్టు మీద నిలబెట్టండి, తెల్లారుజామున. మా డీఈ గారు వచ్చారు. ఎస్టిమేట్‌లో లైట్లు ఆ వారమే చేరాయి.

మీటింగుల్లో ప్రమాదం జరిగితే ఏం చేయాలని ఎలాగూ అడుగుతారు. 108, 112, జాతీయ రహదారి మీదైతే 1033. గాయపడినవాళ్లకు 2025 మే నుంచి కేంద్రం పథకం కింద ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం ఉంది. ప్రాణాపాయంలో ఉన్నవాళ్లను వెంటనే ఆసుపత్రికి చేర్చినవాళ్లను పోలీసులు ఇబ్బంది పెట్టకూడదు, పైగా వాళ్లకిచ్చే బహుమతిని 2025లో 25,000 రూపాయలకు పెంచారు. కేసులో ఇరుక్కుంటామని ఆగిపోయేవాళ్లు మన ఊళ్లలో ఇంకా చాలామంది ఉన్నారు, అందుకే ఇది గట్టిగా చెప్పండి.

పని అయిపోయాక అదే చోట, అదే టైముకు 50 మీటర్ల లెక్క మళ్లీ తీయండి. బడి ముందు హంప్ పడ్డాక మా దగ్గర స్పీడు తగ్గింది, కానీ బైకులు కొన్ని దాని చివర్న మట్టి మార్జిన్ మీదికి దిగి పిల్లలు నడిచే చోట పోతున్నాయని రెండో లెక్కలోనే తెలిసింది. మళ్లీ పోయి చివర్లలో రాళ్లు పాతించాం, వాటికి రంగు, రేడియం వేసి. రంగు ఒక వానాకాలానికే పోతుంది. జూన్‌లో బడులు తెరవడానికి వారం ముందు ఒకసారి చీకటి పడ్డాక బైకు మీద పోయి, హెడ్‌లైట్ వెలుతురులో ఆ తెల్లగీతలు కనపడుతున్నాయో లేదో చూసి రండి.